మధ్యలో మిగిలిన రోజులు



2021 జూన్ 19, సాయంత్రం. చండీగఢ్‌లో ఒక పెద్దాయనకు ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలు జరుగుతున్నాయి. ఆయన పేరు మిల్ఖా సింగ్. ఈ దేశంలో పరుగు అన్న మాటకు మారుపేరుగా నిలిచిన మనిషి. ఆ రోజు ఇంటివాళ్ళు ఆయన చేతుల్లో ఒక ఫొటో పెట్టారు. అది ఆయన భార్య నిర్మల్ కౌర్ గారి ఫొటో. ఆవిడ జూన్ 13న కన్నుమూశారు. అయిదు రోజులు గడిచాక, 18వ తేదీ రాత్రి, ఆయనా వెళ్ళిపోయారు.

ఆ వార్త విన్నప్పుడు మన ఇళ్ళలో పెద్దవాళ్ళంతా ఒకే మాట అన్నారు. "పుణ్యదంపతులు. ఒకరి వెంట ఒకరు వెళ్ళిపోయారు" అని. నేనూ అన్నాను. ఆ మాటలో ఓదార్పు ఉంది, గౌరవం ఉంది. కాని ఆ మాట అనేసి ఊరుకోవడం ఇప్పుడు నా వల్ల కావడం లేదు. ఇలాంటి జంటల గురించి చెప్పుకునేటప్పుడు ఇద్దరి మరణాలకూ మధ్య ఎన్ని రోజులో మనం లెక్కపెడతాం. అయిదు రోజులు, ఇరవై రోజులు, నెల. ఎంత తక్కువైతే అంత పుణ్యం అంటాం. ఆ రోజుల్ని ఒక మనిషి బతికారనీ, పొద్దున లేచి రాత్రి దాకా ఒక్కో గంటా గడిపారనీ మాత్రం మనకు తట్టదు. ఇవాళ ఆ మధ్య రోజుల గురించే మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందుగా ఆ దంపతుల సంగతి.

మిల్ఖా పుట్టిన ఊరు గోవింద్‌పురా. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. దేశ విభజన నాటి మారణకాండలో అమ్మానాన్నల్నీ, తోబుట్టువుల్లో కొందరినీ పోగొట్టుకుని, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఢిల్లీ చేరారు. శరణార్థుల శిబిరాల్లో తలదాచుకున్నారు. టికెట్టు లేకుండా రైలెక్కినందుకు జైల్లో పెడితే, అక్క తన నగలు అమ్మి విడిపించుకుంది. సైన్యంలో చేరదామని వెళితే మూడుసార్లు వెనక్కి పంపారు. నాలుగోసారి, 1951లో, తీసుకున్నారు.

తీసుకుని పంపింది మన సికింద్రాబాదుకే. ఇక్కడి ఈఎంఈ సైనిక శిక్షణ కేంద్రంలో కొత్తగా చేరిన జవాన్లందరికీ ఒక పరుగు పందెం పెట్టారు. గుట్టలూ మిట్టలూ దాటి పరుగెత్తాలి. ఆ పందెంలో ఆయన ఆరోవాడిగా వచ్చారు. దాంతో ప్రత్యేక శిక్షణకు ఎంపికయ్యారు. చిన్నప్పుడు బడికి మైళ్ళకొద్దీ పరుగెత్తి వెళ్ళిన కాళ్ళకు, పరుగు కూడా ఒక విద్య అని తెలిసింది ఈ నేల మీదే. 1958లో టోక్యో ఆసియా క్రీడల్లో రెండు స్వర్ణాలు, అదే ఏడాది కార్డిఫ్‌లో కామన్వెల్త్ స్వర్ణం. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో నాలుగు వందల మీటర్ల పరుగులో నాలుగో స్థానం. కాంస్యం అందుకున్న ఆటగాడికీ ఈయనకీ తేడా సెకనులో పదో వంతు, కాస్త అటూ ఇటూ. తల్లిదండ్రుల చావు తరవాత తన జీవితంలో అంత చేదు జ్ఞాపకం అదేనని ఆయన చివరిదాకా చెబుతూ ఉండేవారు.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. సినిమా వచ్చింది, పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. నిర్మల్ గారి గురించి చెప్పుకున్నది తక్కువ.

పెళ్ళికి ముందు ఆవిడ నిర్మల్ సైనీ. భారత మహిళల వాలీబాల్ జట్టుకు కెప్టెన్. ఆడపిల్లలు ఆటల పోటీలకు ఊరు దాటి వెళ్ళడమే గొప్ప అనుకునే రోజుల్లో దేశం తరఫున ఆడిన మనిషి. వాళ్ళిద్దరూ మొదటిసారి కలుసుకున్నది 1955లో, కొలంబోలో. అక్కడి భారతీయ వ్యాపారి ఒకరు ఆటగాళ్ళందరికీ విందు ఇచ్చారు. ఆ విందులో ఇద్దరూ మాట్లాడుకున్నారు. విడిపోయే వేళ మిల్ఖా తను ఉంటున్న హోటల్ గది నెంబరు ఇద్దామనుకున్నారు. దగ్గర కాగితం లేదు. అందుకని ఆవిడ చేతి మీదే రాశారు. ఈ సంగతి ఆయనే ఎన్నోసార్లు ముచ్చటగా చెప్పుకున్నారు.

తరవాత కొన్నేళ్ళకు ఇద్దరి ఉద్యోగాలూ చండీగఢ్ చేరాయి. పరిచయం ప్రేమ అయింది. ఆవిడది హిందూ కుటుంబం, ఆయన సిక్కు. పెద్దలు ఒప్పుకోలేదు. చివరికి నాటి పంజాబ్ ముఖ్యమంత్రి ప్రతాప్ సింగ్ కైరోన్ కల్పించుకుని ఇరుపక్షాలకూ నచ్చజెప్పారు. 1960ల మొదట్లో పెళ్ళయింది. ఆవిడ పంజాబ్ ప్రభుత్వంలో మహిళా క్రీడల డైరెక్టర్‌గా పనిచేశారు. ముగ్గురు కూతుళ్ళు, ఒక కొడుకు. ఆ కొడుకే గోల్ఫ్ ఆటలో దేశానికి పేరు తెచ్చిన జీవ్ మిల్ఖా సింగ్. ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1999లో కార్గిల్ యుద్ధంలో, టైగర్ హిల్ పోరులో ప్రాణాలిచ్చిన ఒక హవల్దారు కొడుకుని, ఏడేళ్ళ పసివాణ్ణి, ఈ దంపతులు దత్తత తీసుకున్నారు. సొంత పిల్లలు ఎదిగిపోయి, ఇక విశ్రాంతి తీసుకోవలసిన వయసులో, మళ్ళీ ఒక చిన్నపిల్లవాణ్ణి బడికి తయారుచేసే పని నెత్తికెత్తుకున్నారన్న మాట.

ఇలా దాదాపు అరవై ఏళ్ళు. ఆ తరవాత 2021 మే నెల.

ఆ మే నెల ఎలా గడిచిందో మీకు నేను చెప్పక్కర్లేదు. రెండో విడత కరోనా. ఫోను మోగితే ఎత్తడానికి భయపడిన రోజులు. ముందు మిల్ఖా గారికి సోకింది. తరవాత నిర్మల్ గారికి. మొహాలీలో కొద్దిరోజులు ఇద్దరూ ఒకే ఆసుపత్రిలో ఉన్నారు. ఆయన్ని ఇంటికి పంపారు, ఆవిడ అక్కడే ఉండిపోయారు. జూన్ మొదటివారంలో ఆయనకు మళ్ళీ ఆక్సిజన్ తగ్గితే ఈసారి చండీగఢ్ పీజీఐ ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఇద్దరూ చెరో ఊళ్ళో, చెరో మంచం మీద. జూన్ 13న ఆవిడ వెళ్ళిపోయారు. ఆయన ఐసీయూలో ఉన్నారు కాబట్టి భార్య అంత్యక్రియలకు రాలేకపోయారు. ఆ వారంలోనే కరోనా తగ్గిందని పరీక్షలో తేలింది కూడా. అయినా 18వ తేదీ దాటలేదు.

ఆ అయిదు రోజుల్లో ఆయన మనసులోకి తొంగిచూసే హక్కు మనకు లేదు. కాని ఒక్క మాట. కాలాన్ని సెకనులో పదో వంతుగా కొలిచిన మనిషి ఆయన. ఆ పదో వంతు సెకనును అరవై ఏళ్ళు మరిచిపోలేకపోయిన మనిషి. అలాంటివారి లెక్కలో అయిదు రోజులంటే ఎంత పొడుగు! మనం ఆ అయిదు రోజుల్ని "వెంటనే" అనే ఒక్క మాటలో చెప్పేస్తాం.

తెలుగువాళ్ళం మన ఇంటి మనుషులుగా చెప్పుకునే మరో జంట కూడా ఇలాగే వెళ్ళిపోయింది. దర్శకులు కె. విశ్వనాథ్ గారు 2023 ఫిబ్రవరి 2న కన్నుమూశారు. సరిగ్గా 43 ఏళ్ళ కిందట, 1980లో అదే తేదీన ఆయన సినిమా శంకరాభరణం విడుదలైంది. ఆ కాకతాళీయాన్ని గురించి ఆ వారమంతా చెప్పుకున్నాం. అదే నెల 26వ తేదీన ఆయన సతీమణి జయలక్ష్మి గారు కూడా వెళ్ళిపోయారు. ఇరవై నాలుగు రోజుల తేడా. పేపర్లలో ఆ వార్త చిన్నదిగానే వచ్చింది. ఆయన పోయినప్పుడు ఆ ఇంటి ముందు నేల ఈనినట్టు జనం. ఆ జనం తగ్గాక మిగిలిన రోజులు ఆ ఇల్లాలివి.

ఇప్పుడు మా ఇంటి సంగతి ఒకటి చెబుతాను. ఇన్నేళ్ళుగా నా మనసులో ముల్లులా ఉన్నది అదే కాబట్టి.

మా పెదనాన్నది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. వ్యవసాయదారుడు. అరవై దాటాక ఆయనకు వినికిడి తగ్గింది. చెవి మిషన్ కొనిస్తే పెట్టెలో దాచాడు. పొద్దున్నే అరుగు మీద రేడియో పెట్టుకుని కూర్చోవడం ఆయనకు చిన్నప్పటి నుంచీ అలవాటు. వినపడదు, కాని రేడియో లేనిదే పొద్దు పొడవదు. అందుకని పెద్దమ్మ పక్కన కూర్చునేది. పప్పో బియ్యమో చేటలో పోసుకుని ఏరుతూ, వార్తలు వింటూ, ఆయన చెవి దగ్గరగా వంగి చెప్పేది. "ఏమండీ, గోదారికి వరదట." "ఏమండీ, పత్తికి రేటు పెంచారట." ఊళ్ళో వాళ్ళకు రేడియో వార్తల కంటే పెద్దమ్మ వార్తలే బాగా వినపడేవి. నేను సెలవులకు వెళ్ళినప్పుడు గమనించాను. ఎక్కడో బస్సు బోల్తాపడి జనం పోయారని రేడియో చెబితే, ఆ ఒక్కటీ ఆవిడ చెప్పేది కాదు. ఏరిన బియ్యంలో రాయి తీసి పక్కన పడేసినట్టు ఆ వార్తను పక్కన పడేసేది. ఆయన "ఇంకేంటి?" అనేవాడు. ఆవిడ "ఇంకేం లేదు, వానలు పడతాయట" అనేది.

పెద్దమ్మ ఒక వేసవిలో నిద్రలోనే పోయింది. ఊరంతా వచ్చింది. "ముత్తైదువగా వెళ్ళిపోయింది, పసుపు కుంకుమలతో పోయింది, అదృష్టవంతురాలు" అన్నారు. పెదనాన్న అక్కడే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆ మాటలు ఆయనకు వినపడలేదు. వినపడి ఉంటే ఏమనుకునేవాడో! ఆవిడ అదృష్టవంతురాలైతే మరి తను ఎవరు?

పన్నెండు రోజులూ ఇల్లు నిండుగా ఉంది. కూతుళ్ళు, అల్లుళ్ళు, మేము. పెద్దకర్మ భోజనాలయ్యాయి. సాయంత్రానికి కార్లు, ఆటోలు ఒక్కొక్కటే కదిలాయి. మర్నాటికి మిగిలింది ఆయన, ఒక కోడలు, ఆవిడ ఉద్యోగానికి వెళ్ళిపోయాక పగలంతా ఖాళీ ఇల్లు. బయలుదేరేటప్పుడు నేను ఆయన చేతికి బీపీ మాత్రల షీటు ఇచ్చాను. "రోజూ పొద్దున ఒకటి" అని వేలు చూపించి చెప్పాను. ఆయన తల ఊపాడు.

వారం పోయాక ఫోను చేశాను. కోడలు ఎత్తింది. వెనకాల రేడియో చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. "పొద్దున్నుంచీ ఇంతే, పూర్తిగా పెంచేసి కూర్చుంటారు" అంది. ఆయనకు ఫోను ఇవ్వమన్నాను. నా మాట ఆయనకు వినపడదని తెలుసు. ఆయన మాట నాకు వినపడింది. "ఈ రేడియోలో మాట వస్తోంది గాని, వార్త రావడం లేదురా" అన్నాడు.

పెద్దమ్మ పోయిన ఇరవై రెండో రోజున, మొదటి మాసికం రాకముందే, ఆయన వెళ్ళిపోయాడు. మళ్ళీ అందరం వచ్చాం. "పుణ్యదంపతులు" అన్నారు ఊరివాళ్ళు. ఆయన దిండు కింద మాత్రల షీటు దొరికింది. అందులో ఖాళీ అయినవి రెండే రెండు. అప్పటిదాకా ముప్పై ఏళ్ళు ఆ మాత్ర మంచినీళ్ళతో సహా ఆయన చేతిలోకి వచ్చేది. దానికో షీటు ఉంటుందనీ, అది తనే గుర్తుపెట్టుకోవాలనీ ఆయనకు అలవాటు లేదు. ఆ సంగతి నాకు తట్టాలి. తట్టలేదు. ఆ తప్పు నాది.

ఆయన బతికుండగా ఎడ్ల గురించి చెప్పిన ముక్క నాకు అప్పుడు గుర్తొచ్చింది. కాడికి కట్టేటప్పుడు ఎప్పుడూ ఎడమ పక్క కట్టేది దాపటెద్దు, కుడి పక్క కట్టేది వలపటెద్దు. ఏళ్ళ తరబడి అలాగే కడితే, జోడులో ఒకటి పోయినప్పుడు రెండోది మొరాయిస్తుంది. దాన్ని కొట్టకూడదు, అమ్మకూడదు. కొన్నాళ్ళు కాడి వేయకుండా, మేత దగ్గర మనిషి నిలబడి తినిపించాలి అనేవాడు. గొడ్డుకు చేయవలసింది తెలిసిన ఇంట్లో, ఆ మాట చెప్పిన మనిషికి మేము అంతమాత్రం చేయలేకపోయాం.

డాక్టర్లు ఈ సంగతిని లెక్కగట్టి చూశారు. 1969లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక పరిశోధన వచ్చింది. 55 ఏళ్ళు దాటి, భార్యను పోగొట్టుకున్న 4,486 మంది మగవాళ్ళ వివరాలు పరిశీలించారు. భార్య పోయిన మొదటి ఆరు నెలల్లో వాళ్ళలో మరణాలు, అదే వయసు పెళ్ళయిన మగవాళ్ళతో పోలిస్తే, నూటికి నలభై వంతులు ఎక్కువగా ఉన్నాయి. అందులో గుండెజబ్బులదే పెద్ద వాటా. ఆ పరిశోధనకు వాళ్ళు పెట్టుకున్న పేరే "పగిలిన గుండె". ఆరు నెలలు దాటాక ఆ ప్రమాదం మెల్లగా తగ్గుతూ వచ్చింది. 1990లో జపాన్ వైద్యులు మరో స్థితిని వర్ణించారు. పెద్ద దుఃఖమో, దిగ్భ్రాంతో కలిగినప్పుడు గుండె ఎడమ కింది గది కొస ఉబ్బి, అక్కడి జాలర్లు ఆక్టోపస్‌లను పట్టే కుండ ఆకారంలోకి మారుతుంది. ఆ కుండ పేరే జబ్బుకూ పెట్టారు, టాకోత్సుబో అని. చూడ్డానికి అచ్చం గుండెపోటులాగే ఉంటుంది. వయసు మళ్ళిన ఆడవాళ్ళలో ఎక్కువ. సమయానికి ఆసుపత్రికి తీసుకువెళితే చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు.

ఆ చివరి మాట మళ్ళీ చెబుతాను. చాలామంది కోలుకుంటారు. జోడు పోయిన ప్రతి మనిషీ వెంటనే పోరు, పోనక్కర్లేదు. దుఃఖం వల్ల గుండె మీద పడే భారం ఒకటైతే, దానికి తోడయ్యేవి మిగతావి. నిద్ర ఉండదు. ఒక్కరికోసం పొయ్యి ఏం వెలిగిస్తాం అనిపిస్తుంది. మాత్రలు మరపున పడతాయి. ఒంట్లో నలతగా ఉంటే చెప్పడానికి పక్కన మనిషి ఉండరు. మిల్ఖా దంపతుల విషయం వేరు. వాళ్ళను తీసుకుపోయింది ఒకే మహమ్మారి. కాని మన ఊళ్ళలో, మన వీధుల్లో "ఒకరి వెంట ఒకరు" అని మనం చెప్పుకునే కథల్లో కొన్ని మాత్రం మన చేతుల్లో ఉన్నవే. విధి అనేసి దాటేశాం.

మన ఆచారాల్లో ఒక మంచి ఉంది. పన్నెండు రోజులు మిగిలినవాళ్ళను ఒంటరిగా వదలం. వండి పెడతాం, పక్కన పడుకుంటాం, పోయినవాళ్ళ కబుర్లు చెప్పుకుంటాం. ఆ పన్నెండు రోజుల తరవాతే అసలు కష్టం మొదలవుతుంది. పదమూడో రోజు పొద్దున ఆ ఇంటికి ఎవరు వెళతారు? ఇరవయ్యో రోజు భోజనం ఏం చేశారని ఎవరు అడుగుతారు? మూడో నెలలో ఆసుపత్రికి ఎవరు తీసుకువెళతారు? నెలనెలా మాసికాలు పెడతాం. ఆ రోజున పోయినవాళ్ళకు పిండం పెట్టినంత శ్రద్ధగా, మిగిలినవాళ్ళ మాత్రల షీటు కూడా ఒకసారి చేతిలోకి తీసుకుని చూడండి. ఎన్ని ఖాళీ అయ్యాయో లెక్కపెట్టండి. చేయవలసింది అంత చిన్న పనే. నేను చేయని పని కూడా అదే.

ఇంకో మాట. "అదృష్టవంతురాలు, ముందు పోయింది" అని మిగిలినాయన ఎదుట అనకండి. "ఆయనకి తోడుగా వెళ్ళిపోతే బాగుండేదమ్మా" అని ఏ ఇల్లాలి దగ్గరా అనకండి. నోటి అలవాటుగా అనేస్తాం. మిగిలిన మనిషికి ఆ మాట, నువ్వింకా ఎందుకున్నావని అడిగినట్టే ఉంటుంది. వాళ్ళు ఉన్నందుకు మనకు సంతోషంగా ఉందని నోరు తెరిచి చెప్పండి. అరవై ఏళ్ళ సంసారం ఎలా చేశారో అడగండి. వాళ్ళకంటే ఆ కథ బాగా తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు.

చండీగఢ్‌లోని ఆ ఫొటో దగ్గరికి మళ్ళీ వస్తాను. కొలంబోలో కాగితం దొరక్క, ఒక యువకుడు ఒక అమ్మాయి చేతి మీద నెంబరు రాశాడు. అరవై ఆరేళ్ళ తరవాత ఆ అమ్మాయి బొమ్మ ఆయన చేతుల్లోకి వచ్చింది. ఆ రెండు చేతుల మధ్య గడిచిన కాలమంతా వాళ్ళిద్దరిదీ. అందులో ఉద్యోగాలున్నాయి, పిల్లల చదువులున్నాయి, దత్తపుత్రుడి అన్నం ముద్దలున్నాయి. చివరి అయిదు రోజులు మాత్రం ఆయన ఒక్కరివే. అలాంటి రోజులు ఇవాళ కూడా, ఈ క్షణంలో కూడా, ఎవరో ఒకరు గడుపుతున్నారు. మీ వీధిలోనే ఉండవచ్చు.

పొద్దున్నే రేడియో పెట్టుకునేవాళ్ళు మన ఊళ్ళలో ఇంకా ఉన్నారు. వాళ్ళలో చెవి సరిగా వినపడని పెద్దవాళ్ళూ ఉన్నారు. ఇన్నాళ్ళూ పక్కన కూర్చుని చెప్పిన మనిషి ఇప్పుడు లేకపోవచ్చు. నేను ఈ రేడియోలో ఎంత గట్టిగా మాట్లాడినా వాళ్ళకు మాటే వస్తుంది, వార్త చేరదు. అది చేర్చగలిగింది మీరే. వెళ్ళి పక్కన కూర్చోండి. చెవి దగ్గరగా వంగి చెప్పండి. చెడువార్త ఉంటే రాయిలా ఏరి పక్కన పెట్టండి. "ఇంకేంటి?" అని వాళ్ళు అడిగితే, వానలు పడతాయట అని చెప్పండి.